గులాబీ పిల్లకు పోయినేడాది కడియం

ఇలా రా తల్లీ, ఆ పీట ఇంకాస్త దగ్గరికి లాక్కో. నా గొంతు ఇదివరకటిలా లేదు. నువ్వేమో సగం విని సగం వినకుండానే తలాడిస్తావు. ఈసారి తలాడిస్తే ఒప్పుకోను, మొదటి నుంచీ మళ్ళీ చెబుతాను. అందుకని ఒక్కసారే చెవులు అప్పగించు.

మా పక్షుల కొట్టు నీకు తెలియదు. నువ్వు పుట్టేనాటికే మూసేశాం. సందు మలుపులో ఇరుకు కొట్టు, దాని వెనక రెండు గదులు, గదుల వెనక ఇనుప వల కప్పిన పెరడు. కొట్లో మీ తాత, పెరట్లో నేను. వచ్చేపోయే వాళ్ళతో మాట్లాడడం, పక్షుల లెక్క పుస్తకం రాయడం ఆయన పని. కూనలకు జావ పట్టడం, గూళ్ళు శుభ్రం చేయడం, ఏది ముడుచుకు కూర్చుందో ఏది మేత మానేసిందో కనిపెట్టడం నా పని. నేను చదివింది మూడో తరగతి. అయితేనేం, కళ్ళకు తరగతులుండవుగా.

కాకతువ్వలంటే, అవే నెత్తిన జుట్టుండే పెద్ద చిలకలు, మా ఊళ్ళో తెల్లవే. నెత్తిన గొడుగు విప్పినట్టు జుట్టు విప్పే పెద్ద తెల్లది ఒకటి, ముక్కు దగ్గర లేత ఎరుపుండే చిన్న తెల్లది ఒకటి. ఏ కొట్టుకెళ్ళినా ఈ రెండు రకాలే కనిపించేవి. గులాబీ రంగు రొమ్ము, బూడిద రంగు రెక్కలు ఉండే రకాన్ని గోడ మీద బొమ్మల్లో చూడడమే. అలాంటిది మాకు ఒక జత దొరికింది. ఊరు మారిపోతున్న పళ్ళ డాక్టరమ్మ, అన్ని కాగితాలతో సహా తెచ్చి మీ తాత చేతిలో పెట్టింది. "వీటిని ఎవరికీ అమ్మకండి, పిల్లలు పుడితే మాత్రం మీవే" అంది. ఆ రోజు మీ తాత నడకే మారిపోయింది. కొట్లోంచి పెరట్లోకి రావడానికి కూడా ఊరేగింపుగా వచ్చారు.

మా కొట్టుకు రోజూ వచ్చే పెద్దాయన ఒకడుండేవాడు. ఓడల్లో వంట చేసి చేసి, మోకాళ్ళు అరిగాక ఒడ్డున పడ్డాడు. ఓడ వంటాయన అనేవాళ్ళం. ఆ జతను చూడగానే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏం, అంత నవ్వొచ్చిందా?" అన్నారు మీ తాత, మొహం గంటు పెట్టుకుని.

"నవ్వక ఏం చెయ్యను బావా? వీటి సొంత దేశంలో ఇవి మనకు కాకులెంతో అంత. వందలకు వందలు చేల మీద పడతాయి. రైతులు రేకు డబ్బాలు వాయించి తరుముతారు. నువ్వేమో రెండు తాళాలేసి కాపలా కూర్చున్నావు!"

"అంతగా ఉంటే వచ్చేటప్పుడు ఓ నాలుగు పట్టుకు రాలేకపోయావా?"

"తెస్తే నన్నే పంజరంలో వేసేవాళ్ళు. తరమడం తరుముతారు గానీ గుడ్డు కూడా దేశం దాటనివ్వరు." అని నా వైపు తిరిగాడు. "ఇంకో వింత చెప్పనా వదినా? నీ పెరట్లో ఆ గొడుగు జుట్టుది ఉంది చూశావూ, దాన్ని అక్కడికి తీసుకెళ్తే జనం గుమిగూడి చూస్తారు. అది చిన్న దీవుల పక్షి. ఆ దీవుల్లో చెట్లు కొట్టేసి, వలలేసి పట్టేసి, సొంత అడవిలోనే కరువు చేశారు. నల్లది ఇంకొకటుంది, ఎర్ర బుగ్గలది. ఎన్ని రేవులు తిరిగానో, ఏ రేవులోనూ ఏ కొట్లోనూ నా కంటబడలేదు."

నాకు ఆ మాట మనసులో ఉండిపోయింది. ఒకే పక్షి, ఒకచోట పంట తినే పీడ, ఇంకోచోట కళ్ళకద్దుకునే భాగ్యం. అది మాత్రం రెండు చోట్లా ఒకేలా ముక్కుతో రెక్క దువ్వుకుంటుంది, పాపం, దానికేం తెలుసు?

మీ తాతకు ఒక పట్టుదల ఉండేది. రేవులో దొంగతనంగా దిగిన పక్షిని కొట్టు గడప తొక్కనిచ్చేవారు కాదు. సంచిలో ఊపిరాడక సగం చచ్చిన పక్షుల్ని తెచ్చి అడ్డగోలుగా అంటగట్టేవాళ్ళు వస్తే, "మా ఇంట్లో గుడ్డు పగిలి బయటికొచ్చిందే మేం ఇస్తాం, వెళ్ళిరండి" అనేవారు. ఆ మాట అనేటప్పుడు ఆయన వెన్ను నిటారుగా ఉండేది. తలుపు చాటున నాదీ ఉండేది.

కానీ ఆ గులాబీ జత ఆరేళ్ళు గుడ్డు పెట్టలేదు. తెల్లవాటికి పెట్టినట్టే దుంగ తొలిచి గూడు పెట్టాం, అడుగున చెక్కపొట్టు పోశాం. ఊహూఁ. ఓడ వంటాయన రోజూ వచ్చి, "వదినా, ఇవి సన్యాసం పుచ్చుకున్నాయి, కాషాయం కుట్టించు" అని ఏడిపించేవాడు.

ఏడో ఏడు ఒక పొద్దున నేను పెరడు ఊడుస్తున్నాను. పక్కింటి కొమ్మ ఒకటి వల మీదికి వంగింది. ఆ ఆడపక్షి వల సందులోంచి ముక్కు చాచి, ఒక పచ్చి ఆకు తెంపి, తినకుండా నోట కరుచుకుని గూటి దాకా వెళ్ళింది. లోపల పడేసి మళ్ళీ వచ్చింది. నేను చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తెల్లవాటిలో ఏదీ గూటికి ఆకు మోయడం నేను చూడలేదు. దీనికి చెక్కపొట్టు కాదు, పచ్చాకు పరుపు కావాలి! ఆరేళ్ళుగా పరుపు లేని మంచం వేసి, పడుకోవేం పడుకోవేం అని పోరు పెట్టామన్నమాట.

ఆ రోజు నుంచి పక్కింటావిడ తిట్టినా వినకుండా రోజూ ఆకుల రెమ్మలు విరిచి వలలో గుచ్చాను. రెండూ కలిసి మోశాయి. నెల తిరక్కుండా మూడు గుడ్లు. రెండు మురిగిపోయాయి. మూడోది పగిలింది. మా ఊళ్ళో గులాబీ కాకతువ్వ పిల్ల పుట్టడం అదే మొదలు. మీ తాత కొట్టు మూసి వచ్చి గూటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు, బళ్ళో పిల్లాడిలా.

ఇప్పుడు కడియం సంగతి విను. పంజరంలో పుట్టిన పిల్లకు కాలికి అతుకులేని రింగు తొడగాలి. అది చట్టం. ఆ రింగు మీద ఏడాది అంకె, వరస నంబరు చెక్కి ఉంటాయి. మేం కడియం అనేవాళ్ళం. పదిహేను రోజులు దాటాక, ఇరవై రోజులు నిండకముందే తొడగాలి. ముందు తొడిగితే జారిపోతుంది, ఆలస్యమైతే పాదం పెరిగి ఇక ఎక్కదు. ఎక్కలేదంటే ఆ పిల్ల మా ఇంట్లో పుట్టిందనడానికి రుజువే లేదు.

సరిగ్గా అప్పుడే మీ తాత కొత్త వల చుట్టలు తేవడానికి పొరుగూరు వెళ్ళారు. రెండు రోజుల్లో వస్తానన్న మనిషి, వానకు దారి తెగి ఆరు రోజులైనా రాలేదు. పద్దెనిమిదో రోజు పొద్దున పిల్ల పాదం చూస్తే అప్పటికే లావెక్కింది. రేపటికి ఎక్కదు. ఆయన రేకు డబ్బా తీశాను. దారానికి గుచ్చిన కడియాలు ఉన్నాయి. ఒక పోగులో తెల్లవాటి పెద్దవి, రెండు పోగుల్లో గులాబీ కొలతవి. నాకు అంకెలు రాక కాదు. ఆ ఆవగింజంత అంకెల్లో ఏది ఏడాదో ఏది వరసో తెలియదు. కొలత సరిపోయింది, అంతే చూశాను. పిల్ల కాలివేళ్ళకు నూనె రాశాను. మూడు పొడుగు వేళ్ళు కలిపి దూర్చి, పొట్టి వేలిని కాలికి ఆనించి మడమ మీదికి జరిపి, ఆఖరున అగ్గిపుల్లతో ఆ పొట్టి వేలిని మెల్లగా బయటికి లాగాను. పిల్ల కిక్కురుమనలేదు. అంతా అయ్యాక కూర్చుని ఏడ్చాను, అది వేరే సంగతి.

మీ తాత వచ్చి, "తొడిగావా! నువ్వే!" అని ముక్కున వేలేసుకున్నారు. ఆ సంతోషంలో పుస్తకం తీసి, ఈ ఏడాది వరసలో మొదటి నంబరు వేసి రాసేశారు. పిల్ల కాలు తిప్పి చూడలేదు. వరస తప్పడమన్నది ఆయన ఇంట్లో జరగదని ఆయన నమ్మకం. నిరుడు కూడా గుడ్లు పెడతాయని ఆశపడి గులాబీ కొలత కడియాలు తెప్పించి, అవి పెట్టకపోతే ఆ పోగు డబ్బాలోనే వదిలేశారు. నేను తొడిగింది ఆ పోగులోది.

మూడు వారాలు దాటాక పిల్లను గూట్లోంచి తీసి చెంచాతో పెంచాను. ఏడు వారాలకు ఒళ్ళంతా ఈకలు కమ్ముకుని లేత గులాబీ మొగ్గలా తయారైంది. రోజుకు మూడుసార్లు జావ. ఇంకా ఎగరడం రాదు, గింజ కొరకడం రాదు. అప్పుడొచ్చింది అటవీ శాఖ ఆఫీసరమ్మ, ఏటా చేసే తనిఖీకి. చిన్న వయసు, పెద్ద కళ్ళద్దాలు. నవ్వు ఇంట్లో పెట్టి తాళం వేసి వచ్చినట్టుండేది.

పుస్తకం చూసింది. పిల్ల కాలు చూసింది. మళ్ళీ పుస్తకం చూసింది.

"ఈ నంబరు మీరే చదవండి" అంది మీ తాతతో.

ఆయన వంగి చదివారు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఇది... నిరుటిదండీ."

"మీరు రాసిన నంబరు రింగేది?"

డబ్బా తీశారు. దారానికి అదే ముందు వేలాడుతోంది, బుద్ధిగా.

"నిరుడు ఈ జత గుడ్డే పెట్టలేదని మీ చేత్తోనే రాశారు. నిరుటి రింగున్న పక్షి మీ ఇంట్లో ఉంది. ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

పాతికేళ్ళుగా రేవు సరుకు ముట్టని మనిషిని ఆ మాట అడిగింది. ఆయన డబ్బా మూత పెట్టేసి, "తప్పు నాదేనండీ. తొడిగింది నేనే. చూసుకోలేదు" అన్నారు.

"అబద్ధం!" అన్నాను నేను చెంచా పట్టుకునే. "ఆయన అప్పుడు ఊళ్ళోనే లేరు. తొడిగింది నేను. తప్పు కడియం తీసింది నేను."

"ఒసేయ్, నువ్వుండు" అన్నారాయన.

"ఉన్నానుగా, అందుకే చెబుతున్నాను."

ఆఫీసరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "అమ్మా, మీరు అబద్ధమాడుతున్నారని నేననడం లేదు. కానీ నమ్మేదెలా? తెల్లవైతే వందల్లో చూశాను, ఏది కూనో ఏది ముదురో చెప్పగలను. ఈ గులాబీ రకం మీ జత తప్ప మా ఆఫీసు రికార్డుల్లో ఇంకొక్కటీ లేదు. ఇది రెండు నెలలదో ఏడాదిదో నాకు తెలియదు. నిపుణులకు ఉత్తరం రాస్తాను. జవాబు వచ్చేదాకా పక్షి మా ఆఫీసులో ఉండాలి. బయటిదని తేలితే కొట్టు లైసెన్సు రద్దవుతుంది. ఆ జతను కూడా తీసుకెళ్ళాలి."

"అది నా చెంచా తప్ప పట్టదమ్మా. రెండు పూటలు మేత లేకపోతే దక్కదు."

"మా బంట్రోతు పెడతాడు."

"మీ బంట్రోతు ఎప్పుడైనా జావ వేడి మణికట్టు మీద చూశాడా? వేడైతే లోపల కాలిపోతుంది, చల్లారితే గొంతు కింది మేత సంచిలో పులిసిపోతుంది."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"దాన్ని పట్టుకెళ్ళేటప్పుడు నన్ను కూడా పట్టుకెళ్ళండి."

మీ తాత నోరు తెరిచారు. ఆఫీసరమ్మ నన్ను ఎగాదిగా చూసి, "తొమ్మిదికల్లా రావాలి" అంది.

అలా నేను గవర్నమెంటు ఆఫీసులో చేరాను, జీతం లేకుండా. పొడుగాటి గది, గోడ పొడవునా దస్తరాల బీరువాలు, మూల నా ముక్కాలి పీట. తెరవగానే ఒక జావ, మధ్యాహ్నం ఒకటి, మూసేముందు ఒకటి. ముందు రెండు రోజులు నన్ను చూసి అందరూ తలలు దించుకున్నారు. మూడో రోజుకు పిల్ల ఒక పెన్సిలు నమిలి పొట్టు చేసింది. బంట్రోతు చూసి, "అమ్మా, మీ కొత్త గుమాస్తా మా పాత గుమాస్తాల కంటే నయం. వచ్చిన మూడో రోజే పని మొదలెట్టాడు" అన్నాడు. దానికి గుమాస్తా అనే పేరు ఖాయమైపోయింది.

మీ తాత మాత్రం సాయంత్రం గేటు బయట నిలబడేవారు. లోపలికి రావడానికి మొహం చెల్లేది కాదు. ఒకరోజు ఇంటికి నడుస్తూ, "నా రాతే మనల్ని ముంచింది. కాలు తిప్పి చూసి రాసి ఉంటే ఆ రోజే బయటపడేది" అన్నారు. నేనన్నాను, "ముంచేటప్పుడు నా చెయ్యి కూడా ఉందిగా. ఒక్కరే మొత్తం మూట ఎత్తుకుంటే నాకేం మిగులుతుంది?" ఆయన నవ్వారు. వారం రోజుల్లో మొదటిసారి.

ఆఫీసరమ్మ బల్ల మీద ఒక పుస్తకం పెట్టుకుంది. రోజంతా చూసేది, రాసేది. నాలుగో రోజు గుమాస్తా పీట అంచు పట్టుకుని రెక్కలు టపటపలాడించాడు, పీటతో సహా ఎగిరిపోదామన్నట్టు. ఆరో రోజు పట్టు వదిలాడు. మూడు బారలు గాల్లో వెళ్ళి, కిటికీ తెరకు కొట్టుకుని కింద పడి, ఎవరైనా చూశారా అన్నట్టు జుట్టు విప్పి చుట్టూ చూశాడు. ఎనిమిదో రోజు బీరువా మీదికి ఎక్కాడు. ఎక్కాడే గానీ దిగడం తెలియదు. అక్కడి నుంచి మెడ ఆడిస్తూ కూనలు జావ కోసం అరిచే అరుపు మొదలుపెట్టాడు. గది గదంతా కలాలు వదిలి పైకి చూసింది.

ఆఫీసరమ్మే కుర్చీ ఎక్కింది. చెయ్యి చాచి, వాడు భయం భయంగా వేలి మీదికి అడుగు వేసేదాకా అలాగే నిలబడింది. దింపాక నా వైపు చూసి, "ఏడాది పక్షికి దిగడం రాకపోవడం ఉంటుందా?" అంది. నేను జావ కలపడంలో పడ్డాను. నేను చెబితే అది నా మాట అవుతుంది. ఆవిడే చూస్తే అది ఆవిడ మాట అవుతుంది. ఆవిడ కూర్చుని చాలాసేపు రాసింది.

పదో రోజు నేను చెంచా చాస్తే ముక్కుతో పక్కకు తోసి, పళ్ళెంలో గింజ తీసుకుని తానే కొరికాడు. చెంచా కడిగి, కొంగున తుడిచి పక్కన పెట్టేశాను.

పదకొండో రోజు నిపుణుల జవాబు వచ్చింది. ఆఫీసరమ్మ చదివి, మళ్ళీ చదివి, గట్టిగా నవ్వేసింది. బంట్రోతు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

"ఏముందమ్మా?" అన్నాను, పీట మీంచి లేచి.

"ఈ రకం కూనల్ని వాళ్ళెవరూ పెంచి చూడలేదట. నేను కళ్ళారా చూసిన గుర్తులేవైనా ఉంటే రాసి పంపమంటున్నారు. నేను వాళ్ళని అడిగితే వాళ్ళు నన్ను అడుగుతున్నారు!"

"మరి మా కొట్టు సంగతి?"

"నేను చూసింది చాలమ్మా. ఎగరడం, దిగడం, గింజ కొరకడం, అన్నీ నా కళ్ళముందు నేర్చుకుంది. ఇది ఈ ఏటి పిల్లే. మీ ఇంటి పిల్లే. పుస్తకంలో నంబరు దిద్ది నేనే సంతకం పెడతాను." అని కొత్త కాగితం లాక్కుంది. "కానీ మీరు అప్పుడే వెళ్ళకండి. వాళ్ళకు నేనేం రాయను? చూసింది పదకొండు రోజులు. మీరు గుడ్డు నుంచీ చూశారు. చెప్పండి, రాస్తాను."

చెప్పాను. మూడో తరగతి చదివిన దాన్ని, కుర్చీలో కూర్చుని చెబుతుంటే, అంత చదువుకున్న పిల్ల, "మెల్లగా అమ్మా, మెల్లగా" అంటూ రాసుకుంది. పచ్చాకు పరుపు దగ్గర్నుంచి, కళ్ళు ఏ రోజు తెరిచింది, ముళ్ళలాంటి కొత్త ఈకలు ఎప్పుడు పొడిచాయి, జావ ఎంత పలచన, కడియానికి ఏ రోజు దాటకూడదు, అన్నీ. నాలుగు పేజీలు. ఆఖర్న "చెప్పినవారు" అని గీత గీసి, నా పేరు రాసి, పక్కన ఏం రాయమంటారని అడిగింది. పక్షుల కొట్టాయన భార్య అని రాయండి అన్నాను, అలవాటుగా.

"కాదు" అన్నారు గుమ్మంలోంచి మీ తాత. ఎప్పుడొచ్చారో, గేటు దాటి లోపలికే వచ్చేశారు. "పక్షుల పెంపకందారు అని రాయండి."

ఆఫీసరమ్మ అలాగే రాసింది. నేను దాని కింద సంతకం పెట్టాను. వంకరగా వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

తరవాత ఆ నాలుగు పేజీలు ఎక్కడెక్కడికో వెళ్ళాయి. నాలాగే గులాబీ జతలు పెట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవాళ్ళు దేశంలో అక్కడొకరూ ఇక్కడొకరూ ఉన్నారట. ఆకులు పెట్టారు, గుడ్లు చూశారు, ఉత్తరాలు రాశారు. మీ తాత చదివి వినిపిస్తే నేను జవాబు చెప్పేదాన్ని. పదేళ్ళకు ఆ రకం మా ఊళ్ళో ఐదారు కొట్లలో కనిపించింది. రేవులోంచి ఒక్కటీ దిగకుండా, అన్నీ ఇళ్ళలో పుట్టినవే.

ఇదీ సంగతి. నువ్వు నీ పిల్లలకు చెబుతావు కదూ? చెప్పేటప్పుడు మాత్రం, మా అమ్మమ్మ అంతటిది ఇంతటిది అని ఊరికే కోటలు కట్టకు. తప్పు కడియం తొడిగిన మాట ముందు చెప్పు. అది తానే తొడిగానని ఒప్పుకున్న మాట వెంటనే చెప్పు. ఆ తరవాతే నాలుగు పేజీల సంగతి చెప్పు. ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు, వింటాను. ఎక్కడైనా మరిచిపోతే అందిస్తాలే.